ఎడమ భుజం మీది పిల్లి

ముందుగా ఒక మాట. కొమ్ములూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట వినవు. నా చెయ్యేమో నా కోపమంత వేగంగా నడవదు. చిన్నప్పుడే పలక పట్టినవాళ్ళు ఒక్క పూటలో రాసేది నాకు వారమంతా పడుతుంది. అక్షరం తప్పితే మీరే దిద్దుకుని చదవండి. కథ తప్పితే మాత్రం నన్ను తిట్టండి, పడతాను.

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో గుర్తు చేస్తాను. ఆస్పత్రి లాండ్రీలో చిరుగులు కుట్టే మన దుప్పట్లక్క, ఇక కుట్టడానికి కూడా పనికిరాని దుప్పట్లను మూటగట్టి జంతువుల షెల్టర్‌లో ఇచ్చి రావడానికి వెళ్ళింది. అక్కడ ఆవిడకి దిండంత పిల్లి ఒకటి కనబడింది. బూడిదరంగు ఒళ్ళు, మెడ చుట్టూ జూలు, నేల ఊడ్చేంత పొడుగు బొచ్చున్న తోక. చూడగానే మనసు పారేసుకుంది. ఇంటికొచ్చి పెనిమిటితో చెప్పింది. లిఫ్టులు బాగుచేసే ఆ మెకానిక్ ఇంతెత్తున లేచాడు. పిల్లి ఈ గుమ్మం ఎక్కితే తాను గుమ్మం దిగుతానన్నాడు.

ఆ ఇంట్లో మాటాపలుకూ లేక మూడేళ్ళయింది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు, ఇంట్లో అందరూ పిడుగు అని పిలుచుకునే పిల్ల, తండ్రి పనిచేసే కంపెనీలోనే పనిచేసేది. ఒక మేడలో లిఫ్టు జారి పెద్దావిడ కాలు విరిగింది. విచారణలో పిడుగు నిజం చెప్పేసింది: లిఫ్టు మూత తెరిచి చూడకుండానే అంతా బాగుందన్నాడు మా నాన్న అని. ఆయన పెద్ద మేస్త్రీ హోదా పోయింది. "కన్న కూతురే పట్టించింది. దాని గుమ్మం తొక్కినా, దానితో మాట్లాడినా నా మీద ఒట్టే" అని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు. పిడుగు ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. దుప్పట్లక్క ఒట్టుకి కట్టుబడి నోరు కుట్టేసుకుంది. అంత నిశ్శబ్దంలో ఆవిడకి ఒక పిల్లి కావాలనిపించడంలో వింతేముంది?

ఇక చదవండి.

షెల్టర్‌లో ఒక పద్ధతి ఉంది. పిల్లి కావాలని ఒక్కరే వస్తే ఇవ్వరు. ఇంట్లో ఉండే మనుషులందరూ రావాలి. పిల్లి గదిలో నేల మీద కూర్చోవాలి. పిలవకూడదు, చెయ్యి చాపకూడదు, గొంతు పెంచకూడదు. పిల్లి తనంతట తాను బయటికొచ్చి ఎవరి దగ్గర ఎలా ఉంటుందో చూసి అప్పుడు తేలుస్తారు. ఒకరు ముద్దు చేసి తీసుకెళ్ళిన పిల్లిని ఇంకొకరు వీధిలో విసిరేసిన సంగతులు ఎన్నో చూశాక పెట్టుకున్న పద్ధతి అది.

మెకానిక్ వచ్చింది ఒప్పుకోవడానికి కాదు, అందరి ముందూ కాదనడానికి.

పిల్లుల గది చూసే ఆవిడ ఒకప్పుడు బస్సు కండక్టరు. ఉద్యోగం మానేసినా ఆ గొంతు మానలేదు. అందరూ ఆవిడని కండక్టరమ్మ అనే పిలుస్తారు.

"లోపలికి జరగండి, లోపలికి! గుమ్మంలో వేలాడొద్దు. తలుపు మూయాలి."

"నేను నేల మీద కూర్చోలేను. నా మోకాలు వంగదు," అన్నాడు మెకానిక్.

"వారం వారం వెళ్ళి నొప్పి తగ్గడానికి కరెంటు పెట్టించుకుంటున్నారుగా, ఇంకా వంగలేదా?" అంది దుప్పట్లక్క.

కండక్టరమ్మ ఆ మోకాలి వంక కాసేపు చూసి, మూలనున్న పొట్టి స్టూలు కాలితో ఇటు నెట్టింది. ఆయన దాని మీద ఎడమ కాలు చాపుకుని కూర్చున్నాడు. దుప్పట్లక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుని నేల మీద చతికిలబడింది. గది చిన్నది. గచ్చు ఇంకా తడిగానే ఉంది. ఫినాయిల్ వాసన. గోడకి మెట్లలాగా చెక్కలు బిగించి ఉన్నాయి. కింది చెక్క కింద, పాత దుప్పటి కప్పిన పెట్టెలో, రెండు పసుపు కళ్ళు.

"చూడండమ్మా," అని మెకానిక్ మొదలుపెట్టాడు. "మా ఆవిడకి ఈమధ్య బొత్తిగా మతి ఉండటం లేదు. నాకు పిల్లులు పడవు. పుట్టి బుద్ధెరిగి పిల్లిని ముట్టుకున్నవాణ్ణి కాదు. వెనకటికెవరో పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళిందట, అలా ఉంది ఈవిడ వరస."

"ఈ వయసులో మనకి వెళ్ళాల్సిన పెళ్ళిళ్ళేం లేవు లెండి. పిల్లినైనా ఉండనివ్వండి."

"నోరు లేస్తోందే!"

"ష్!" అంది కండక్టరమ్మ. "పక్క గదిలో నిన్ననే ఈనిన తల్లి ఉంది. ఇక్కడ గొంతు లేస్తే ఇద్దర్నీ మధ్య స్టాపులో దింపేస్తా."

పెట్టె మీది దుప్పటి కదిలింది. ముందు మీసాలొచ్చాయి. తర్వాత తల, దాని వెనక జూలు, ఆ తర్వాత ఎంతకీ అయిపోని ఒళ్ళు. వెలుతురులోకి వచ్చి నిలబడి ఒళ్ళు విరుచుకుంది. దుప్పట్లక్క ఊపిరి బిగబట్టింది. నా దగ్గరికే వస్తుంది, మొన్న నా వేళ్ళు వాసన చూసింది, నన్ను గుర్తుపడుతుంది అనుకుంది.

పిల్లి ఆవిడ ఒడికి తోక రాస్తూ దాటిపోయింది. స్టూలు దగ్గరికెళ్ళింది. మెకానిక్ చాపిన కాలుని కాక, వంగిన కాలుని చూసుకుని దాని మీదికెక్కింది. ఆయన చేతులు రెండూ గాల్లోకి లేపాడు, ఎవరో తుపాకీ చూపించినట్టు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. కానీ ఆయన ఎడమ భుజం ఆయన మాట వినలేదు. అది తనంతట తానే కిందికి వాలింది, ఎక్కేవాళ్ళ కోసం బండి పక్కకి ఒరిగినట్టు. పిల్లి ఆ భుజం మీద కాలు మోపి, మెడ వెనకగా ఒళ్ళు చాపి, తోకని కుడి భుజం మీంచి ముందుకి వేలాడదీసి కళ్ళు మూసుకుంది. గురగురమని చప్పుడు గదంతా నిండింది.

దుప్పట్లక్క పిల్లిని చూడలేదు. ఆ భుజాన్ని చూసింది.

"ఏమండీ," అంది మెల్లగా. "అది ఎక్కబోతోందని మీకెలా తెలుసు?"

"నాకేం తెలుసు? అదే ఎక్కింది. గ్రీజు వాసన పడి ఉంటుంది నా చొక్కాకి."

"గ్రీజు వాసన కోసమైతే ఇది బస్సు డిపోకి పోయుండేది. మా పంపు బాగుచేసేవాడిదీ గ్రీజు కంపే, వాడొస్తే పెట్టెలోంచి కదలదు," అంది కండక్టరమ్మ.

దుప్పట్లక్క మోకాళ్ళ మీద జరిగి ముందుకొచ్చింది. పెనిమిటి చొక్కా మీద రాలిన వెంట్రుక ఒకటి రెండు వేళ్ళతో తీసి కిటికీ వైపు పట్టింది. జానెడు పొడుగు లేకపోయినా వేలెడుకి తక్కువ లేదు. మొదట తెలుపు, చివర బూడిద. ఆ వెంట్రుకని ఆవిడ ఎరుగును. ఆయన ప్యాంట్లు ఉతికేముందు ఎన్నిసార్లు ఏరి పారేసిందో. ఇవేమిటండీ అంటే, కరెంటు పెట్టే చోట దుప్పటి కప్పుతారు, దానివి అనేవాడు.

అరవాలనిపించింది. పక్క గదిలో పిల్లల తల్లి ఉందన్న మాట గుర్తొచ్చి గొంతు నొక్కుకుంది. ఆ మధ్యాహ్నం ఆ గదిలో జరిగిన తగువంతా గుసగుసల్లోనే జరిగింది. అరిచి చెప్పిన కోపం కంటే అణిచి చెప్పిన కోపం ఎంత కాలుస్తుందో అక్కడున్నవాళ్ళకే తెలుసు.

"దుప్పట్ల మీద బతికేదాన్ని. నాకే దుప్పటి కథ చెప్పారు," అంది. "ఈ వెంట్రుకలు చూసి నేనేమనుకున్నానో తెలుసా? ఏ తల నెరిసినదాన్నో ఉంచుకున్నారనుకున్నాను. దాని జుట్టుకి రంగైనా కొనిపెట్టడేం, ఇంత పిసినారి అనుకున్నాను. పోనీలే ఈ వయసులో ఎవరికి చెప్పుకోను అని నోరు మూసుకున్నాను. చెప్పండి. ఎవరిదీ పిల్లి?"

"నాకేం తెలుసే!"

"కళ్ళు మూసుకుని పాలు తాగింది చాలు. ఎవరిది?"

మెకానిక్ చెయ్యి అప్పటికే పిల్లి తోక మీదికి వెళ్ళింది. నిమురుతోందని ఆయనకే తెలియదు. ఆ బొచ్చు చూస్తూ ఆయన మొహం మారింది. అప్పటిదాకా దొరికిపోయానన్న భయం ఒక్కటే ఉంది, ఇప్పుడు దాని పక్కన ఇంకేదో చేరింది.

"ఇదిక్కడెందుకుంది?" అన్నాడు, ఎవరినీ అడగనట్టు. "దీన్ని ప్రాణంలా చూసుకునేదే. దీన్నెందుకు ఇక్కడ వదిలేసింది పిడుగు?"

ఆ పేరు ఆ నోటి వెంట మూడేళ్ళ తర్వాత వచ్చింది.

దుప్పట్లక్క లేస్తూ గోడకి బిగించిన చెక్క పట్టుకుంది. "ఏమన్నారు?"

ఆయన చెయ్యి పిల్లి తోక మీంచి దిగిపోయింది.

"ఏమన్నావ్?"

మొగుణ్ణి ఆవిడ ఎన్నడూ నువ్వు అన్నది లేదు. ఆయన తలెత్తి చూశాడు.

"వారం వారం నువ్వు కరెంటు పెట్టించుకున్నది పిడుగింట్లోనా?"

"ఏం చెయ్యను, చూడాలనిపించింది. కన్న తండ్రిని."

"నువ్వు కన్న తండ్రివి. నేనేమిటి, అద్దెకున్నదాన్నా? నా నోటికి తాళం వేశావు. నీ మీద ఒట్టన్నావు. నువ్వు చస్తావేమోనని అది ఎదురొస్తే వీధి దాటాను నేను. ఒకసారి బస్సులో నా ముందు సీట్లో కూర్చుందిరా దేవుడా! దాని జడ నా చేతికందేంత దూరంలో ఉంది. వెనక్కి తిరిగి నన్ను చూసి మొహం తిప్పుకుంది. నేనూ తిప్పుకున్నాను. నీ ఒట్టు కోసం. నా స్టాపు కాకపోయినా దిగిపోయి, ఆ ఎండలో నడుచుకుంటూ, ఏడుస్తూ ఇంటికొస్తే, నువ్వు సోఫాలో కాళ్ళు చాపుకుని, ఏమే ఆలస్యమైంది, టీ పెట్టు అన్నావు. పెట్టాను. నీకు చక్కెర కూడా ఎక్కువేశాను!"

"గొంతు," అంది కండక్టరమ్మ.

దుప్పట్లక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసింది. ఇప్పుడడిగిన మాట ఇంకా మెల్లగా అడిగింది.

"అది నన్ను అడగలేదా? అన్నిసార్లు వెళ్ళావుగా. అమ్మ ఎలా ఉందని ఒక్కసారి కూడా అడగలేదా?"

మెకానిక్ తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు.

"అడగలేదా అంటున్నా."

"అడిగేది."

"ఎన్నిసార్లు?"

"వెళ్ళినప్పుడల్లా."

"ఏం చెప్పేవాడివి?"

"నీకింకా కోపం తగ్గలేదని."

"నాకా?"

"కొన్నాళ్ళు ఆగమనేవాణ్ణి. మీ అమ్మ నీ మొహం చూడనంటోంది, నేనే నచ్చజెబుతున్నా, నువ్వు తొందరపడి వచ్చేయకు, ఫోన్ చేయకు అని..." మాట మధ్యలో ఆగిపోయింది. తర్వాత ఒక్కసారిగా ఆయనకీ కోపం వచ్చింది. తప్పు పట్టుబడినవాడికి వచ్చే కోపం. "మరేం చెయ్యమంటావ్? మీరిద్దరూ ఒకచోట కూర్చుంటే ఏం మాట్లాడుకుంటారు? నా గురించేగా! ఆ లిఫ్టు గురించేగా! ఇంట్లో నువ్వు నన్ను చూసి అయ్యో పాపం అన్యాయమైపోయాడు అనుకుంటున్నావు. అక్కడ అది, మా నాన్న ఒక్కడే నన్ను మన్నించాడు అనుకుంటోంది. ఆ ఒక్క పూట నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చి, ఈ పిల్లిని నా మెడ మీద వేసి, నువ్వు లేకపోతే నాకెవరూ లేరు నాన్నా అనేది. అది పోగొట్టుకోమంటావా? ఉద్యోగంలో పరువు పోయింది. ఉన్నది అదొక్కటే నాకు."

దుప్పట్లక్క ఆయన్ని కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. ఆవిడ పనిలో ఒక సంగతి ఉంది. దుప్పటి నడిమధ్య చిరిగితే రెండు ముక్కలుగా కోసి, బయటి అంచులు మధ్యకి వచ్చేలా తిప్పి కుడతారు. మళ్ళీ ఒక్క దుప్పటే అవుతుంది. ఈ మనిషి ఆ పనే తిరగేసి చేశాడు. బాగున్నదాన్ని నడిమికి కోసి, రెండు ముక్కలూ తనే కప్పుకున్నాడు.

"నాకు కోపమని చెప్పావు," అంది. "మూడేళ్ళూ నాకు లేని కోపాన్ని నా పేరు మీద దానికి పంచిపెట్టావు. ఇప్పుడొచ్చిందయ్యా నాకు కోపం. చూడు. ఇలా ఉంటుంది. నీ మీద ఒట్టు తీసి గట్టున పెడుతున్నా. నీకేమైనా అయితే అవనీ."

"నోటికెంతొస్తే అంత!"

"ఇంకా రాలేదు. అదెక్కడుంది?"

"తెలియదు."

"అబద్ధం."

"నిజంగానే. పోయినసారి వెళ్తే తాళం వేసి ఉంది. ఆ ముందుసారీ అంతే. ఫోన్ ఎత్తడం లేదు. ఏ ఊరైనా వెళ్ళిందేమో, పిల్లిని వెంట తీసుకెళ్ళిందేమో అనుకున్నా. ఇక్కడుంటుందని..." ఆయన గొంతు వణికింది. అది నటన కాదని దుప్పట్లక్కకి తెలిసింది. కోపం తగ్గలేదు, దాని కింద భయం ఒకటి వచ్చి చేరింది. ఇద్దరూ ఒకేసారి కండక్టరమ్మ వైపు తిరిగారు.

కండక్టరమ్మ తలుపుకి వీపు ఆనించి నిలబడింది. "తెచ్చినవాళ్ళెవరో చెప్పకూడదు. అది ఇక్కడి కట్టుబాటు."

"నేను దాని తల్లిని."

"అందరూ ఏదో ఒకటి అవుతారక్కా. అందుకే చెప్పకూడదు." ఏళ్ళ తరబడి టికెట్టు లేనివాళ్ళని మొహం చూసి పట్టుకున్న మనిషి. ఇప్పుడు ఇద్దరి మొహాలూ చూసింది. "పిల్లి కోసం ఏం చెప్పి వెళ్ళారో అది చెప్పొచ్చు. అది పిల్లి సంగతి కాబట్టి. తెచ్చినమ్మాయి బాగానే ఉంది, కంగారుపడకండి. తను వెళ్ళే చోటికి పిల్లుల్ని రానివ్వరట. మంచి ఇంటికి ఇవ్వమంది. ఎవరు తీసుకున్నారో కనుక్కుంటానని, ఫోన్ చేసి ఇంటి గుర్తులు తీసుకుని వచ్చి చూసి వెళ్తానని, వంద సార్లు అంది. ఇంకొకటి కూడా అంది." మెకానిక్ చాపిన కాలు వైపు గడ్డం చూపించింది. "మోకాలు వంగని పెద్దాయన ఒకాయన దీని కోసం రావచ్చు, వస్తే పిల్లి ఆయన మెడెక్కుతుంది, చూసి ఇచ్చేస్తారేమో, ఇవ్వొద్దు అంది. ఇక్కడే, ఈ స్టూలు మీదే కూర్చుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఒకరి మాట నమ్మి ఇంకొకర్ని పోగొట్టుకున్నానని."

"దానికెవరు చెప్పారు?" అన్నాడు మెకానిక్ చప్పున.

కూతురు ఏడ్చిందని కాదు, తన అబద్ధం ఎలా బయటపడిందనే ఆయన బెంగ; ఆ ప్రశ్నతో మిగిలిన కాస్తా తేలిపోయింది. దుప్పట్లక్క అడగాల్సింది ఇక ఏమీ లేకపోయింది. ఆవిడకి ఒక్క సంగతే వినబడుతోంది: ఈ పిల్లి ఏ ఇంట్లో ఉంటే పిడుగు ఆ ఇంటికి వస్తుంది.

"పిల్లిని నాకివ్వండి," అంది.

"మీదీ ఆయనదీ ఒకే ఇల్లు కదక్కా. ఆయనుండే ఇంటికి ఇవ్వలేను. మాటిచ్చాను."

"ఆయనింటికి ఎవరిమ్మన్నారు? నా ఇంటికివ్వండి."

"మీకు వేరే ఇల్లుందా?"

మెకానిక్ నవ్వాడు. నవ్వు కాదు అది. "ఏ ఇల్లే? లాండ్రీలో మురికి మూటల మీద పడుకుంటావా, దీన్ని పక్కలో వేసుకుని? ఈవిడ మాటలకేం గాని, పిల్లిని ఎవరికీ ఇవ్వకండి. నేను మా అమ్మాయితో మాట్లాడుకుంటాను."

దుప్పట్లక్క జవాబివ్వలేదు. మూలనున్న పిల్లుల బుట్ట తెచ్చి మూత తెరిచి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. ఆయన మెడ మీంచి పిల్లిని ఎత్తబోయింది. అది గోళ్ళు చొక్కాలో దించి పట్టుకుంది. ఆవిడ లాగలేదు. పాత కుట్టు విప్పేటప్పుడు గుడ్డ చిరగకుండా ఎలా విప్పుతుందో అలా, ఒక్కొక్క గోరే వేలితో తప్పించింది. ఆ కాసేపూ ఆలుమగల మొహాలు జానెడు దూరంలో ఉన్నాయి. ఆయన ఏదో అనబోయాడు. ఆవిడ చూపు గోళ్ళ మీంచి లేవలేదు. పిల్లి చేతుల్లోకి వచ్చేసరికి బరువుకి ఒక అడుగు వెనక్కి పడింది. బుట్టలో పెట్టి మూత వేసింది. తన చీరంతా బూడిదరంగు వెంట్రుకలు.

"గేటు ఎప్పుడు మూస్తారు?" అని కండక్టరమ్మని అడిగింది.

"చీకటి పడేదాకా ఉంటాను."

"ఆలోగా ఇల్లు చూసుకుని వస్తాను. ఒక్క గదైనా సరే. వచ్చి చూసుకోండి, నేల మీద కూర్చోండి, మీ పద్ధతి ప్రకారమే చూడండి. అందులో ఉండే మనుషులందర్నీ ఒకేసారి చూడొచ్చు, నేనొక్కదాన్నే. అప్పటిదాకా దీన్ని ఎవరికీ ఇవ్వకండి. ఈలోగా అది ఫోన్ చేస్తే..." బుట్ట మూత గట్టిగా నొక్కింది. "చేస్తే, మీ అమ్మ వచ్చిందని చెప్పండి. కోపంగానే ఉంది, నీ మీద కాదని చెప్పండి."

కండక్టరమ్మ బుట్ట తీసి తన కాలికి ఆనేలా పెట్టుకుంది.

"పొద్దుగూకేసరికి నువ్వే ఇంటికొస్తావులే," అన్నాడు మెకానిక్.

"వస్తాను. నా బట్టలు తెచ్చుకోవద్దూ?"

దుప్పట్లక్క వరండా దాటింది. కుక్కల గదుల పక్కగా నడిచింది. అవి ఒక్కసారిగా మొరిగాయి. ఇక్కడ ఎవరూ గొంతు తగ్గించమనలేదు. ఇల్లు ఎలా వెతకాలో, ఎవరి తలుపు కొట్టాలో ఆవిడకి తెలియదు. అద్దెకి గది అడిగిన రోజు ఆవిడ బతుకులో లేదు. అయినా కాళ్ళు ఆగలేదు. ఇనప గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసింది.

వెనక నుంచి, కుక్కల మొరుగుల మీంచి, కుంటుకుంటూ వస్తున్న అడుగులు వినబడ్డాయి.

"ఆగవే! ఇల్లూ వద్దు, పిల్లీ వద్దు. అదెక్కడుందో నాకు తెలుసు. ఇప్పుడే తీసుకెళ్తాను, నడు!"

ఇందాకే తెలియదన్నవాడు. ఆ గొంతులో వణుకు నిజమని ఆవిడకి తెలుసు. మరి ఈ మాట? నమ్మి వెనక్కి తిరిగితే పిడుగు ఈ సాయంత్రమే కనబడొచ్చు, లేదా మరో మూడేళ్ళు పోవచ్చు.

గొళ్ళెం చల్లగా చేతిలో ఉంది. దుప్పట్లక్క వెనక్కి తిరగలేదు. గొళ్ళెమూ తీయలేదు.

— రాసినది: అందరూ బొంతలమ్మ అని పిలిచే నేను. వయసు అరవై తొమ్మిది. ఇప్పుడు ఉంటున్నది చిన్న కోడలింట్లో, మేడ మీద కిటికీ ఉన్న గదిలో.